డిస్క్ చావలేదు: సి డ్రైవ్‌లో కదలని ఫైళ్ళతో నా అనుభవం

నిన్న రాత్రి 11 గంటలకి నా సి డ్రైవ్ రెండుగా విడిపోయింది. దీని కోసం వారం రోజులు నిద్ర చెడగొట్టుకున్నా. మర్చిపోకముందే రాసి పెడతా ఉండా.

కొర్లగుంటలో 16 ఏళ్ళుగా డీటీపీ సెంటర్ నడుపుతా ఉండా. పెళ్ళికార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్ల కోసమే విండోస్ 7 సిస్టం ఒకటి అట్లే పెట్టుకోనుండా. 1 టీబీ హార్డ్‌డిస్క్, మొత్తం ఒకే సి డ్రైవ్. ఎప్పుడైనా విండోస్ పాడై ఫార్మాట్ కొట్టాల్సొస్తే పని ఇచ్చే పార్టీల ఫైళ్ళు పోకూడదని, కొంత డి డ్రైవ్‌గా విడదీయాలనుకున్నా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ సైజు తగ్గించే ష్రింక్ వాల్యూమ్ కొడితే, 600 జీబీ ఖాళీ పెట్టుకోని 9 జీబీ మాత్రం ఇస్తానంది. ముక్కలుగా చెదిరిన ఫైళ్ళని ఒక చోటికి చేర్చే డీఫ్రాగ్ రెండు మార్లు నడిపినా అదే 9.

అప్పుడు చేసిన తప్పు, సీపీయూ ఆటోలో వేసుకోని ఊళ్ళో ఒక రిపేరు షాపుకి పోవడం. రెండు గంటలు స్టూలు మీద కూర్చోబెట్టినారు. ఆ తర్వాత ఓనరు డీఫ్రాగ్ తెరిచి, 0 శాతం అని చూపించి, "ఫ్రాగ్మెంటేషనే లేదు కదమ్మా. ఇది డిస్క్ చచ్చిపోవడం. కొత్తది ఏసుకోండి, డేటా తీయడానికి వేరే అవుతుంది" అన్నాడు. దాచిపెట్టిన సిస్టం ఫైళ్ళేమైనా అడ్డం ఉండాయేమో చూడండి సార్ అన్నా. ఆయన నా వైపు కూడా తిరక్కుండా పక్కన పనిచేసే అబ్బాయితో, "చూసినావా, టైపు కొట్టుకునేవాళ్ళు వచ్చి మనకి పాఠం చెప్తా ఉండారు" అన్నాడు. కౌంటరు కాడ నలుగురుండారు. అందులో ఒకరు నాకు ప్రశ్నపత్రాల పని ఇచ్చే హెడ్‌మాస్టర్ సార్. ఆయన ఏదో ప్రింటరు ఇంకు కోసం వచ్చినారు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూసినందుకు 300 తీసుకున్నారు, సీపీయూ మూత స్క్రూలు రెండు మళ్ళీ బిగించనే లేదు.

మరుసటి రోజు పొద్దున్నే హెడ్‌మాస్టర్ సార్ ఫోను. "ఏమ్మా, కంప్యూటరు పోయిందంట కదా. మా పాత పేపర్లు ఉండాయా, పోయాయా?" 16 ఏళ్ళలో ఒక్క ప్రశ్నపత్రం బయటికి పోనీలేదు, ఒక్క ఫైలు పోగొట్టలేదు. ఆ మాట షాపాయన నోటినుంచి ఊరంతా తిరుగుతాదని నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

మా అన్న కొడుకు ఫోన్‌లో ఒక్క మాట చెప్పినాడు: "అత్తా, ష్రింక్ కొట్టినాక ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరువు, 259 నంబరు చూడు." విండోస్ లోపల జరిగేవి రాసుకునే చోటది. చూస్తే, కదలని చివరి ఫైలు పేరు అక్కడే రాసిపెట్టి ఉంది: పేజ్‌ఫైల్ డాట్ సిస్. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలది. సిస్టం నడిచినంతసేపూ దాన్ని పట్టుకోనే ఉంటుంది. మనిషి పడుకోనుండే మంచాన్ని ఎత్తి ఊడ్చలేం కదా, అట్లా. ఆ 0 శాతం సంగతి కూడా తెలిసింది. కమాండ్ ప్రాంప్ట్‌లో డీఫ్రాగ్ రిపోర్టు తీస్తే కింద ఒక వాక్యం వస్తుంది, 64 ఎంబీ కంటే పెద్ద ముక్కల్ని ఈ లెక్కలో చేర్చలేదని. అంటే పెద్ద ఫైలు 64 ఎంబీ కంటే పెద్ద ముక్కలై ఉంటే ఆ సున్నా మారదు. రిపేరు చేసేవాడికి ఇది తెలియాల్సిన పని.

డిస్క్ నిజంగా పోయిందా లేదా అనేది డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల్లో చూసుకున్నా. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టినవి) సున్నా, పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉండేవి) సున్నా. ఈ అంకెలు చూడకుండా డిస్క్ చచ్చిందనే షాపుకి మీ సీపీయూ ఇవ్వద్దండి.

బ్యాకప్ తీసుకోని పని మొదలుపెట్టినా. పవర్‌సీఎఫ్‌జీ కమాండుతో హైబర్నేషన్ (ర్యామ్‌లో ఉండేది డిస్క్‌లో దాచి సిస్టం ఆపడం) తీసేస్తే హైబర్‌ఫిల్ ఫైలు పోయింది, 4 జీబీ ర్యామ్‌కి అది 3 జీబీ తినేది. తర్వాత పేజ్‌ఫైల్ సెట్టింగులుండే వర్చువల్ మెమరీలో నో పేజింగ్ ఫైల్ పెట్టి ఓకే కొట్టి, రీస్టార్ట్ చేసినా. పేజ్‌ఫైల్ అట్లే ఉంది. మళ్ళీ చేసినా, మళ్ళీ అట్లే. మూడో మారు కళ్ళు దగ్గర పెట్టి చూస్తే, ఓకే కంటే ముందు పక్కనుండే సెట్ అనే చిన్న బటన్ నొక్కాల. నొక్కకపోతే ఏదీ మారదు, తప్పని కూడా చెప్పదు.

ఈసారి 259 లో పేరు మారింది: సిస్టం వాల్యూమ్ ఇన్ఫర్మేషన్. అవి రీస్టోర్ పాయింట్లు, సిస్టంని పాత స్థితికి తిప్పుకోవడానికి విండోస్ దాచుకునేవి. సిస్టం ప్రొటెక్షన్ ఆపేసి పాతవన్నీ తీసేసినా. మళ్ళీ ఇంకో పేరు: డాలర్ గుర్తుతో యూఎస్‌ఎన్ జర్నల్. ఏ ఫైలు ఎప్పుడు మారిందో విండోస్ రాసుకునే చిట్టా. ఎఫ్‌ఎస్‌యుటిల్ కమాండుతో దాన్నీ తీసేసినా. విండోస్‌కి అవసరమైతే మళ్ళీ అదే రాసుకుంటుంది. రాత్రంతా డీఫ్రాగ్ పెట్టి, మరుసటి రాత్రి ష్రింక్ కొడితే 500 జీబీ పైన ఇచ్చింది. 400 తీసుకున్నా.

తర్వాత పేజ్‌ఫైల్ మళ్ళీ పెట్టినా. మొదటి సైజు, గరిష్ఠ సైజు రెండూ 6144 ఎంబీ. ఒకే సైజు పెడితే అది పెరుగుతా పోయి ముక్కలు కాదు. ఈసారి సెట్ నొక్కినా. ప్రొటెక్షన్ కూడా ఆన్ చేసినా. ఎస్‌ఎస్‌డీ ఉండేవాళ్ళు మాత్రం ఈ డీఫ్రాగ్ జోలికి పోవద్దు, దానికి లాభం లేదు, ఊరికే అరుగుతుంది.

ఈరోజు సాయంత్రం హెడ్‌మాస్టర్ సార్ వచ్చినారు. డి డ్రైవ్ తెరిచి వాళ్ళ స్కూలు ఫోల్డరు చూపించినా, 2012 నుంచి సంవత్సరాల వారీగా. ఒక్కొక్కటీ తెరిపించి చూసినారు. ఆ తర్వాత సంచిలోంచి అర్ధ సంవత్సర పరీక్షల కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టినారు.