డేజాన్‌లో ఒక శనివారం: మెడ, సూది, గోడ

శనివారం, నవంబరు రెండో వారం

శనివారాల్లో హనివొన్ మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది కనుక, ల్యాబ్‌కు వెళ్ళే ఆలోచన మానుకొని, దక్షిణ కొరియాలోని ఈ డేజాన్ నగరంలో, యుసొంగ్ ప్రాంతంలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఆ చిన్న కొరియా సంప్రదాయ వైద్యశాలకు ఉదయాన్నే బయలుదేరాను. పగలంతా మైక్రోస్కోపు మీదికి, రాత్రి లాప్‌టాప్ మీదికి వంగి కూర్చోవడం వల్ల నా తల భుజాల కంటే బాగా ముందుకు వచ్చేసింది. సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేయడం, ఎడమ భుజం రెక్క దగ్గర సలపడం మామూలైపోయాయి. ఇక్కడివారు దీన్ని తాబేలు మెడ అంటారు. ఆఫీసుల్లో పనిచేసేవారిని ఎవరిని కదిలించినా తమకూ ఉందనే చెబుతారు.

గుమ్మం దగ్గర బూట్లు విప్పి, అక్కడ వరసగా పెట్టి ఉంచిన చెప్పులు తొడుక్కొని లోపలికి అడుగుపెట్టగానే ముందుగా తగిలేది పొగ వాసన. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతికే చెందిన మొక్క ఆకును ఎండబెట్టి, దంచి, చిన్న చిన్న ఉండలుగా చేసి, ఒంటికి సెగ తగిలేలా కాలుస్తారు. వరండాలాంటి ఆ గదిలో ఎదురు గోడకు ఒక పాత బొమ్మ నకలు వేలాడుతుంది. అది హొ జున్ అనే రాజవైద్యుడు 1610లో పూర్తిచేయగా 1613లో అచ్చయిన ‘డోంగుయి బోగం’ ఆరంభంలోని చిత్రం; ఆ గ్రంథాన్ని యునెస్కో 2009లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. కాళ్ళూ చేతులూ లేకుండా, పక్కనుంచి చూసినట్టు గీసిన ఆ మనిషి బొమ్మలో కడుపులోని అవయవాలతో పాటు కొట్టొచ్చినట్టు కనిపించేది వెన్నెముకే. దాని మీద తల వెనుక ఒకటి, వీపు మధ్యలో ఒకటి, తోక ఎముక దగ్గర ఒకటి చొప్పున మూడు ద్వారాలు గుర్తించి ఉంటాయి. శరీరంలోని సారమూ ‘కి’ అనే ప్రాణశక్తీ పైకీ కిందికీ రాకపోకలు సాగించే దారి అదేనని ఆ గ్రంథం చెబుతుంది. ఆ ప్రాణశక్తిని నేనెలాగూ మైక్రోస్కోపులో చూడబోయేది లేదు. అయినా నాలుగు వందల ఏళ్ళ కిందటి వైద్యుడు మనిషిని ముందునుంచి కాక పక్కనుంచి గీయించడం నాకు నచ్చుతుంది, ఎందుకంటే కూర్చునే తీరులోని లోపం అద్దంలో ఎదురుగా చూసుకుంటే తెలియదు, కనిపించేది పక్కనుంచే.

ఇక్కడ వైద్యులు రెండు తెగలు. 1951 నాటి వైద్య చట్టం ఆధునిక వైద్యులకూ సంప్రదాయ వైద్యులకూ వేర్వేరు లైసెన్సులు ఏర్పరచింది. సంప్రదాయ వైద్యులు కూడా విశ్వవిద్యాలయంలో ఆరేళ్ళు చదివి, జాతీయ పరీక్ష నెగ్గి వచ్చినవారే. ఎవరి పరికరాలు ఎవరు వాడవచ్చన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. సంప్రదాయ వైద్యులు అల్ట్రాసౌండ్ వాడటం నేరం కాదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తీర్పు చెప్పింది కానీ, మా వైద్యశాల లాంటి చిన్నచోట్ల ఎక్స్‌రే యంత్రం ఉండదు. అందుకే ఎముకల డాక్టరు దగ్గర తీయించిన ఎక్స్‌రేను సీడీలో వేయించుకొని ఇక్కడికి తెచ్చాను. మెడ ఎముకలకు సహజంగా ముందుకు ఉండవలసిన వంపు అందులో దాదాపుగా చదునైపోయి ఉంది. అక్కడ కండరాలు సడలే మాత్రలు రాసిచ్చారు. ఇక్కడి వైద్యురాలు ఆ చిత్రాన్ని చూసిన వెంటనే చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, వస్తువులు చేజారుతున్నాయా అని రెండు మూడు సార్లు గుచ్చి గుచ్చి అడిగారు. అవి ఉంటే మెడ మీద చెయ్యి వెయ్యకుండా తిరిగి ఎముకల డాక్టరు దగ్గరికే పంపేదాన్నని తరవాత చెప్పారు.

పరీక్ష మొత్తం చేతులతోనే జరిగింది. వట్టికాళ్ళతో నిలబెట్టి, పక్కకు వచ్చి, చెవి ఎక్కడుంది, భుజం ఎక్కడుంది అని చూశారు. బోర్లా పడుకోబెట్టి రెండు చీలమండల ఎముకలనూ దగ్గర చేర్చి, కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో బొటనవేళ్ళతో తేల్చుకున్నారు. ఆ తరవాత నేను ఊహించనిచోట, కాలరు ఎముక కింద, వేళ్ళు దిగేసి నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. వెనక నొప్పిగా ఉందని వస్తే ముందు ఎందుకు నొక్కుతున్నారని అడిగితే, రొమ్ము కండరాలు కుంచించుకుపోయి భుజాలను ముందుకు లాగుతున్నాయని, పాపం వీపు కండరాలు రోజంతా ఆ లాగుడును ఆపుతూ అలసిపోతున్నాయని, అరిచేదెప్పుడూ అలసినదేనని అన్నారు.

ఈరోజు వరస ఎప్పటిలాగే సాగింది: వెచ్చని మంచం, పరదా, వీపు మీద వేడి సంచి, ఆ పైన గాలి తీసేసి చర్మానికి అతికించే కప్పులు. కప్పులు పెట్టినచోట కమిలిన గుండ్రని మచ్చలు వారం దాకా పోవు. వేసవిలో మెడ విశాలమైన చొక్కాలు వేసుకోవడం మానేయవలసి వచ్చేది. సూదుల మందం 0.25 మిల్లీమీటర్లే కనుక దిగినట్టు కూడా తెలియదు. పుర్రె కింద రెండు పక్కలా, భుజాల మీద, వెన్నుకు అటూ ఇటూ దిగే మూత్రాశయ నాడీమార్గం పొడవునా కొన్ని పెట్టారు. చివరిది మాత్రం చేతికి. పిడికిలి బిగిస్తే చిటికెన వేలి కింద, అరచేతి అంచున, ముడత ఎక్కడ ముగుస్తుందో అక్కడ గుచ్చారు. వెన్ను నడిమి మార్గాన్ని కదిలించే బిందువు అదేనని వీరి శాస్త్రం. సూది అలాగే ఉండగా నన్ను లేపి కూర్చోబెట్టి, తలను నెమ్మదిగా ఎడమకూ కుడికీ తిప్పమన్నారు. ఉదయం కారు వెనక్కి తీసేటప్పుడు తిరగని మెడ ఇప్పుడు భుజం మీదుగా పరదా అంచు కనిపించేదాకా తిరిగింది. అది సూది గొప్పతనమో, నా ధ్యాస చేతి మీదికి పోయి మెడ బిగుతు వదిలేయడమో తేల్చి చెప్పలేను, కానీ తిరిగిన మాట నిజం.

అందరూ దేనికోసం వస్తారో ఆ చునా, అంటే చేతులతో నొక్కి, లాగి ఎముకలనూ కండరాలనూ సరిచేసే చికిత్స, చివర్లో ఉంటుంది. దీనికి వాడే మంచం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వీపు కింద ఉన్న ముక్కను కొద్దిగా పైకి లేపి ఉంచి, వైద్యురాలు అరచేతి మడమతో ఒక్కసారి నొక్కగానే అది టక్కున కిందికి జారుతుంది. శబ్దం మంచానిదే కానీ ఎముకది కాదు. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతులు చాలా నెమ్మదిస్తాయి. తలను రెండు చేతుల్లోకి తీసుకొని, నేను ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే కొంచెం లాగి, పీల్చేటప్పుడు ఆగుతారు. పటపటా విరుస్తారని వీడియోలు చూసి వచ్చినవారికి ఇది నిరాశే కలిగిస్తుంది. నాకైతే ఎముకల పటుత్వం తగ్గిన ముసలివారికి విరుపు అసలే వద్దని ఆవిడ పక్క పరదాలోని హల్మొనికి, అంటే అవ్వకు, ఓపికగా నచ్చజెప్పడం విన్నాక నమ్మకం పెరిగింది.

2019 ఏప్రిల్ 8 నుంచి చునా జాతీయ ఆరోగ్య బీమా కిందికి వచ్చింది. అదే ఏడాది జులైలో, ఆరు నెలలు దాటి ఇక్కడ ఉండే విదేశీయులందరికీ ఆ బీమా తప్పనిసరి అయింది కాబట్టి నాలాంటివారికీ వర్తిస్తుంది. ఖర్చులో సాధారణంగా సగం మనం కట్టుకోవాలి. మొదలుపెట్టిన నాడు చికిత్స రకాన్ని బట్టి మన వాటా సుమారు 10,000 వొన్‌ల నుంచి 30,000 దాకా ఉండేలా నిర్ణయించారు. అయితే మనిషికి ఏడాదికి 20 సార్లకు మించి బీమా ఇవ్వదు, ఒక వైద్యుడు రోజుకు 18 మందికి మించి చేస్తే లెక్కలోకి తీసుకోదు. రేషను కార్డు మీద చక్కెర ఇచ్చినట్టు ఇచ్చే ఈ ఇరవై వల్ల వైద్యం తీరే మారిందని నాకనిపిస్తుంది. పరిమితి లేకుంటే నేను వారం వారం వచ్చి ఆ మంచం మీద పడుకొని, మిగతా ఆరు రోజులూ నిశ్చింతగా వంగి కూర్చునేదాన్ని. నవంబరు వచ్చేసరికి మిగిలినవాటిని పొదుపుగా వాడుకోవాలి కనుక, వైద్యురాలు చికిత్సకు పెట్టినంత సమయమూ ఇంటిదగ్గర చేయవలసినవి నేర్పడానికి పెడుతున్నారు.

దీర్ఘకాలపు మెడనొప్పి ఉన్న 108 మందితో కొరియాలో చేసిన ప్రయోగ ఫలితాలు 2021లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో వచ్చాయి. ఐదు వారాలు చునా చేయించుకున్నవారికి మామూలు వైద్యం పొందినవారి కంటే నొప్పి ఎక్కువగా తగ్గింది. అయితే అక్కడ ప్రధానంగా కొలిచింది నొప్పిని. మెడ వంపు తిరిగి వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. ఈ తేడాను వైద్యశాలల ప్రకటనలు హాయిగా మింగేస్తాయి. మా వైద్యురాలు మింగరు. ఎక్స్‌రేలో గీత మారుతుందని నేను మాట ఇవ్వను, నువ్వు రోజంతా తలను ఎక్కడ మోస్తున్నావో నీకు తెలిసేలా చేస్తాను, అన్నారు.

మెడ, వీపు బిగుసుకుపోతే ఇచ్చే పాత కషాయం ఒకటుంది, గల్గున్‌తాంగ్ అని, కుడ్జు తీగ వేరుతో చేసేది. జలుబుకూ అదే తాగుతారు. ఇస్తారేమోనని ఆశపడి అడిగాను. నాడి చూసి, నిద్ర, ఆకలి సంగతులు విచారించి, అక్కరలేదన్నారు. బదులుగా దక్కింది గోడ. మడమలు, పిరుదులు, వీపు, తల వెనుక భాగం అన్నీ గోడకు ఆనేలా నిలబడి, గడ్డం లోపలికి తీసుకొని, మోచేతులు గోడను వదలకుండా చేతులు పైకి జరపాలి. చూడటానికి ఏమీ లేదు కానీ, నా మోచేతులు చెవుల ఎత్తుకు వచ్చేసరికే గోడను వదిలేశాయి. కాలరు ఎముక కింద నొక్కినప్పుడు అంత నొప్పి ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చాక లాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చాను. మైక్రోస్కోపు బల్ల ఎత్తు పెంచమని ల్యాబ్‌లో దరఖాస్తు పెట్టాలి. సోమవారం ఆ పని చూడాలి.

రాత్రి తిరుపతి నుంచి అమ్మ ఫోను చేసింది. పుత్తూరు కట్టు మీద అమ్మకున్న గురి డాక్టర్ల మీద లేదు కనుక, ఎముకల సంగతి ఎత్తితే వివరాలన్నీ రాబడుతుంది. సూదుల గురించి, కప్పుల గురించి శ్రద్ధగా వింది. గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగి, “నిటారుగా నిలబడవే అని చిన్నప్పట్నుంచి నేను ఊరికే చెప్పానే, దానికి అక్కడ డబ్బు కట్టి వస్తున్నావా?” అని అడిగింది.

“సగమే కడుతున్నానమ్మా, మిగతా సగం బీమా వాళ్ళు కడుతున్నారు” అన్నాను.