ఆటోనగర్ నుంచి కొత్త బండి

లారీ కొన్నామని నలుగురికీ చెప్పుకునేది ఛాసిస్‌కి డబ్బు కట్టిన రోజు కాదు, బాడీ కట్టించి ఇంటికి తెచ్చుకున్న రోజు. ఛాసిస్ అంటే ముందు క్యాబిన్, వెనకాల రెండు పొడుగాటి ఇనుప దూలాలు, కింద టైర్లు. దానికి దిష్టి కూడా తగలదు. మా బండికి విజయవాడ ఆటోనగర్లో బాడీ పూర్తయిందని, పెయింటు ఆరిందని కబురొచ్చాక నేనూ డ్రైవర్ బాబాయీ పొద్దున్నే గుంటూరు బస్టాండులో నాన్‌స్టాప్ ఎక్కాం. బండి తోలాల్సిన కుర్రాడు ముందు రోజే వెళ్లి షెడ్డులో కాపలా పడుకున్నాడు.

బాబాయి అంటే చుట్టరికం ఏమీ లేదు. నాన్న లారీకి డ్రైవరు. నాకు ఊహ తెలిసేసరికే ఆ పిలుపు ఉంది, ఆయన భార్య పిన్ని. ఇప్పుడు బండ్లు తోలడం మానేశాడు గానీ, కొత్త బండి చూడ్డానికి నేను ఆయన లేకుండా వెళ్తే ఇంట్లో ఊరుకునేవాళ్లు కాదు.

నాన్నది టాటా 1210, ముక్కు బండి. సెకండ్‌హ్యాండులో కొన్నాడు. టాటా బండ్ల నంబర్లలో ముందు రెండంకెలు మొత్తం బరువు టన్నుల్లో, వెనక రెండూ గుర్రాల శక్తి పదుల్లో. అంటే పన్నెండు టన్నులు, సుమారు వంద గుర్రాలు. ఇప్పుడు మేం తీసుకున్నది 1918. పేరులో 19 ఉన్నా కాగితం మీద 18.5 టన్నులే. రెండు ఇరుసుల లారీకి 16.2 టన్నులున్న పరిమితిని 2018లో అంతకి పెంచారు. నాన్న రోజుల్లో కాగితానికీ లోడుకీ సంబంధం ఎంతుండేదో చెప్పుకోకపోవడమే మంచిది.

బస్సు ఆటోనగర్ (గుంటూరుది) దాటిందో లేదో నేను పాత బండి కథ ఎత్తుకున్నాను. చలికాలం పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగేది గానీ అందుకునేది కాదు. ఎక్కడో పైపు దగ్గర గాలి పట్టేది. అప్పుడు బాబాయి ముక్కు మూత ఎత్తి, డీజిల్ ఫిల్టర్ మీది చిన్న స్క్రూ స్పానర్‌తో వదులు చేసి, పక్కనున్న చేతి పంపు టకటకా నొక్కేవాడు. ముందు నురగ వచ్చేది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేకుండా సన్నగా డీజిల్ ధార. సరిగ్గా ఆ ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. పంపు నొక్కే పని నాకిచ్చేవాడు. బడికి వెళ్తే చొక్కా డీజిల్ కంపు కొట్టేది, మాస్టారు వెనక బెంచీకి పంపేవారు, నాకు మాత్రం ఆ రోజంతా పండగ.

మిర్చి సీజన్లో ఇంకా బాగుండేది. చుట్టుగుంట దగ్గర యార్డు బయట లారీలు బారులు తీరేవి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బరువు తక్కువ, మేర ఎక్కువ. అందుకని క్యాబిన్ మీదికి కూడా పేర్చి, పట్టా కప్పి, తాళ్లు బిగించి కట్టేవాళ్లు. లోడెత్తే ముఠా కూలీలు తాడు లాగుతూ పెట్టే కేకలు, ఆ ఘాటుకి యార్డంతా తుమ్ములు. లోడు పడ్డాక ఊరు పొలిమేర దాకా నన్ను పైన కూర్చోబెట్టి తీసుకెళ్లేవారు. ఇప్పుడు నా కొడుకుని అలా ఎక్కించమంటే మా ఆవిడ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది, న్యాయమే.

ఇవన్నీ నేను ఉషారుగా చెబుతుంటే బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో యార్డు గేటు దగ్గర లోడు బండిని తిప్పడానికి సీట్లోంచి సగం లేచి నిలబడి చక్రం లాగేవాడివి గుర్తుందా, సినిమా చూసినట్టుండేది అన్నాను.

"ఈ కుడి భుజం ఎందుకు పైకి లేవదో మీ పిన్నినడుగు," అన్నాడు. "నువ్వు పక్క సీట్లో ఉన్నావబ్బాయ్. ఇంజిన్ నా మోకాలి పక్కనుండేది. ఎండాకాలంలో గోనెపట్టా తడిపి కాలికి చుట్టుకుని తోలేవాణ్ణి. మాచర్ల దాకా వెళ్లేసరికి అది ఎండిపోయేది."

నాకు తెలియని సంగతి కాదు. ఆ గోనెపట్టా తడిపి ఇచ్చిందే నేను. కానీ నా జ్ఞాపకంలో అది కూడా సరదాల లెక్కలోనే ఉండిపోయింది.

మంగళగిరి, తాడేపల్లి, వారధి, కృష్ణలో నీళ్లు బాగానే ఉన్నాయి. బస్టాండులో దిగి టీ తాగి ఆటో ఎక్కాం. బెంజి సర్కిల్లో ఫ్లైఓవర్ కింద ఆగినప్పుడు బాబాయికి కాస్త మాట పెగిలింది. ఇక్కడ బెంజి లారీల కంపెనీ ఉండేదట, ఆ పేరే సర్కిల్‌కి పడిందని పెద్దవాళ్లు చెప్పేవారన్నాడు. టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో చెయ్యి కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలెట్టింది 1954లో. పదిహేనేళ్ల ఒప్పందం 1969లో ముగిసి, ముక్కు మీద నక్షత్రం పోయి టాటా అక్షరం వచ్చింది. అయినా చాలాకాలం డ్రైవర్లకి అది బెంజి బండే. బాబాయి మాత్రం క్లీనరుగా ఎక్కింది లేలాండ్ కామెట్. దాని శబ్దం ఊరవతల నుంచే తెలిసిపోయేదని చెబుతూ, అది కూడా పొగడ్తగా కాకుండా చెవుడు ఎలా వచ్చిందో వివరించే పద్ధతిలో చెప్పాడు.

విజయవాడ ఆటోనగర్ని ఊరు అనాలి. ఒక వీధంతా కమాను పట్టీలు, ఒక వీధంతా రేడియేటర్లు, ఇంకో చోట సీట్లు కుట్టేవాళ్లు, టైర్లకి రబ్బరు వేసేవాళ్లు. వెల్డింగ్ మెరుపులకి కళ్లు చికిలిస్తూ నడవాలి. పాత సామాన్ల వీధిలో నా కాళ్లు ఆగిపోయాయి. గేరుబాక్సుల గుట్ట పక్కన ఒక 1210 ముందు భాగం, గుండ్రటి దీపాల గుంతలతో, గ్రిల్లు సగం ఊడి పడుంది. దాని మీద స్టీరింగ్ చక్రం ఇంకా ఉంది. పెద్దది, సన్నటి అంచు, నల్లటి ప్లాస్టిక్ చిట్లి లోపలి ఇనుము కనబడుతోంది. చేతులు వేసి చూశాను. షాపతన్ని ధర అడిగాను కూడా. నా మొహం చూసి పాపం అతను గట్టిగానే చెప్పాడు.

"అది తెచ్చి హాల్లో తగిలిస్తావా?" అన్నాడు బాబాయి.

"తగిలిస్తే?"

"మీ ఇంటికి రావడం మానేస్తా."

చక్రం అక్కడే వదిలేసి షెడ్డుకి నడిచాం.

మా బండి ఎండలో నిలబడి ఉంది. కింద రేకు, పక్కలకి ఇనుప చట్రంలో చెక్క. ముందు అద్దం పైన 'శ్రీ భ్రమరాంబా మల్లేశ్వర ప్రసన్న' అని కుంచెతో రాయించాను. షెడ్డు వాళ్లు స్టిక్కరు వేస్తామన్నారు, చవక, గంటలో పని. ఒప్పుకోలేదు. స్టిక్కరు అక్షరాలు అన్ని బండ్లకీ ఒకటే. చేత్తో రాసిన 'శ్రీ' ఒక్కో పెయింటరుది ఒక్కో తీరు. మాకు రాసినాయన దానికి కొమ్ములాంటి తోక పెట్టాడు, నాకు తెగ నచ్చింది. ఈ ఒక్క విషయంలో బాబాయి కూడా నన్ను ఏమీ అనలేదు.

ఆయన చూసింది వేరు. డాలా, అంటే వెనక తలుపు, దించి ఎక్కించాడు, గొళ్లేలు పడుతున్నాయో లేదో చూశాడు. పక్కల చుట్టూ తాడు కట్టే కొక్కేలు ఒక్కోటీ బొటనవేలితో తడుముకుంటూ వచ్చాడు. ఎడమవైపు వెనక మూలన ఒక కొక్కెం దగ్గర ఆగి కుర్రాణ్ణి పిలిచాడు. వెల్డింగ్ అంచు బ్లేడులా లేచి ఉంది. "రెండు ట్రిప్పుల్లో తాడు తెగుద్ది. వానలో తెగితే లోపల సరుకు ఎవడిది?" మేస్త్రీ నసుగుతూనే గ్రైండర్ తెచ్చి అరగదీశాడు. బాబాయి మళ్లీ వేలితో రాసి చూసి, ఇంకోసారి అన్నాడు. మళ్లీ అరగదీశాడు.

ఇక క్యాబిన్. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద, మధ్య తరహా లారీలన్నిటికీ క్యాబిన్లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. అంతకు కొద్దిరోజుల ముందు సెప్టెంబరు 22న లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంటే పన్నుకు ముందు ధరలో లక్షకి 10 వేలు మిగిలినట్టు. మేం అంతదాకా ఆగడానికి కారణం రెండోదే, దాచుకోవడమెందుకు. ఏసీ మాకు కొసరు.

నాకున్న చిరాకు డ్యాష్‌బోర్డు అద్దం వెనకాల వెలిగే దీపాలతో. 2020లో బీఎస్ 6 అనే పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ ట్యాంకు పక్కన యూరియా ట్యాంకు ఒకటి ఉంటోంది. 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీళ్లు, పొగగొట్టంలో విషవాయువుల్ని విరగ్గొట్టడానికి. అది అయిపోయినా, ఏదైనా సెన్సారు అలిగినా బండి పికప్ తగ్గించుకుంటుంది. ఏ అడవి దారిలోనో దీపం వెలిగితే స్క్రూ వదులు చేసి పంపు నొక్కడానికి లేదు, ల్యాప్‌టాప్ ఉన్నవాడు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. పొగ తగ్గింది, ఒప్పుకుంటాను. మా యార్డు రోడ్డు మీద ఊపిరి పీల్చేవాడికి తెలుస్తుంది. కానీ బండి బాగుచేసుకునే విద్య డ్రైవరు చేతిలోంచి పోయింది. ఈ మాట బాబాయితో అంటే, "అర్ధరాత్రి బండి కింద పడుకుని నేర్చుకున్న విద్యరా అది. పోతే పోయింది," అన్నాడు.

కుర్రాడు తాళం ఆయన చేతిలో పెట్టాడు. లైసెన్సు బతికే ఉంది. ఎక్కి, సీటు ముందుకీ వెనక్కీ జరుపుకుని, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. గేరు మార్చినప్పుడల్లా కాలు రెండుసార్లు క్లచ్ మీద పడుతోంది, లేలాండ్ అలవాటు. కుర్రాడు నోరు నొక్కుకుని నవ్వుతున్నాడు. వారధి ఎక్కేసరికి ఒంటిచేత్తో తోలుతున్నాడు, కుడి చేయి ఒళ్లో ఉంది. కాజ టోల్ దగ్గర అడ్డుకర్ర దానంతటదే లేచింది. ఏసీ గడ్డకట్టేట్టు చల్లగా ఉంది, తగ్గించమంటే తగ్గించలేదు.

పెదకాకాని శివాలయం దగ్గర మా ముందు ఒక ట్రాక్టరు, రెండు కార్లు ఉన్నాయి. మా వంతు వచ్చాక పూజారి బానెట్ ఎక్కడని అడిగి, లేదని గుర్తొచ్చి అద్దం కింద పసుపూ కుంకుమా పెట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, గుమ్మడికాయ పగిలింది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి నంబరు, పర్మిట్టు వచ్చాక కోల్డ్ స్టోరేజీ నుంచి నాగపూర్‌కి మిర్చి లోడు కుదిరింది. కిరాయి దగ్గర బ్రోకర్ కొత్త బండి సెంటిమెంటు వాడి నాలుగు రూపాయలు తగ్గించబోయాడు, మేం పడలేదు. తీరా బయల్దేరే ముందు బాబాయి చేతిసంచీతో వచ్చి క్యాబిన్ ఎక్కేశాడు. కుర్రాడికి దారి తెలియదట. ఫోన్లో మ్యాపు ఉంది కదా అంటే వినపడనట్టు కూర్చున్నాడు. పిన్నికి చెప్పే పని నా నెత్తిన పడింది. ఆవిడ నన్ను తిట్టడం పూర్తయ్యేసరికి బండి పిడుగురాళ్ల దాటింది.