గోడకున్న ఆ కన్నంలో గుడ్డలు కుక్కకండి

నేనిక్కడ చేసేది బాయిలర్లు, గ్యాస్ హీటర్లు సర్వీసు చేసే టెక్నీషియన్ దగ్గర హెల్పర్ పని. చలికాలం వచ్చిందంటే రోజంతా ఇల్లిల్లూ తిరగడమే. మనలాంటి వలస వచ్చినవాళ్లు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఇళ్లలో చాలాచోట్ల ఒకటే వరస, గోడకున్న గాలి కన్నంలో పాత తువ్వాలు కుక్కేసి, పైన టేపు కొట్టేసి ఉంటుంది. అడిగితే "చలిగాలి కొడుతోంది అన్నా" అంటారు. కొట్టాలి మరి, అది పెట్టిందే అందుకు!

గ్యాసో, కిరోసినో, కట్టెలో, బొగ్గో, ఏది మండాలన్నా గాలి కావాలి. అది చాలకపోతే సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వంటగ్యాస్‌లో కావాలని వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కుకి తెలుస్తుంది, దీనికి రంగూ లేదు, వాసనా లేదు, కళ్లు కూడా మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దాంతో ఒంటికి ఆక్సిజన్ అందదు.

మొదట్లో తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నీరసం. డబుల్ షిఫ్టు చేసొచ్చినవాడికి ఇవన్నీ మామూలే కదా, ఒక మాత్ర వేసుకుని అదే గదిలో తలుపులన్నీ బిగించి పడుకుంటాడు. ఫ్లూ అనుకుందామంటే జ్వరం ఉండదు. పనికి బయటికెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలవుతున్నా, రూములో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తున్నా అనుమానించాల్సింది హీటర్నే. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ని నమ్ముకోవద్దు, మామూలువాటికి ఆక్సిజన్‌కీ దీనికీ తేడా తెలియక అంతా బాగున్నట్టే 98 అని చూపించొచ్చు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది.

మా బాసు హీటర్ మూత తీయగానే ముందు మంట చూస్తాడు. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగిసలాడుతున్నా, పక్కన గోడకి మసి మరకలున్నా ఆయన ముఖం మారిపోతుంది. తర్వాత పొగగొట్టం, అందులో పక్షిగూళ్లు, ఎండుటాకులు దొరకడం మాకు వింతేమీ కాదు. ఒక ఇంట్లో గొట్టం శుభ్రంగానే ఉంది, దాని మొదట్లో పొగ వదిలితే చక్కగా పైకి లాగేసింది. అప్పుడాయన కిటికీలన్నీ మూయించి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమన్నాడు. అంతే, ఆ పొగ వెనక్కి తిరిగి మా మొహాల మీదికొచ్చింది! గాలి కన్నం మూసేసి ఉంది, ఫ్యాన్ గాలంతా బయటికి తోసేస్తోంది, లోటు పూడడానికి పొగగొట్టం నుంచే గాలి కిందికి దిగుతోంది. ఆ రోజే గ్యాస్ కట్టేసి, వాడొద్దని చీటీ అంటించొచ్చాం, రూమువాళ్లు మామీద గుర్రుమన్నారనుకోండి.

హీటర్ పాడైతే కొందరు బొగ్గుల పొయ్యి లోపలికి తెచ్చుకుంటారు. మంటలు ఆరి కణకణలాడుతున్నాయి, పొగ లేదు, ఇంకేం భయం అనుకుంటారు. ఆ నిప్పుల నుంచే ఈ వాయువు దండిగా వస్తుంది. జనరేటర్‌దీ అదే కథ, గ్యారేజీ తలుపు ఎత్తి ఉంచినా సరిపోదు, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాలి.

ఇక అలారం. పొగ అలారం కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టదు, దీనికి వేరే అలారం ఉంటుంది. నిమిషానికోసారి కీచుమంటే చాలావాటిలో బ్యాటరీ అయిపోయినట్టు, వరసగా నాలుగుసార్లు మోగి, ఆగి, మళ్లీ నాలుగుసార్లు మోగితే వాయువు ఉన్నట్టు. యూరప్ ప్రమాణాలతో చేసిన అలారం గాలిలో పది లక్షల పాళ్లకి 50 పాళ్లుంటే గంట నుంచి గంటన్నరలో మోగుతుంది, 300 ఉంటే 3 నిమిషాల్లోపే. అంటే అది మోగేసరికే మీరు కాసేపట్నుంచీ పీలుస్తూ ఉండొచ్చు. ఊరికే మోగుతోందని దాన్ని తీసి సొరుగులో పడేసినవాళ్లని చూశాను, ఏమనాలో తెలియదు. మోగితే అందర్నీ లేపి బయటికి వచ్చేయండి, ఫోన్ బయటినుంచి చేయండి, పాస్‌పోర్టు కోసం కూడా మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

ఓనరుకి నోటిమాటగా చెప్తే సరే అంటాడు, మర్చిపోతాడు. మసి మరక ఫొటో తీసి మెసేజ్ పెట్టండి, ఏడాదికోసారి చేయించాల్సిన సర్వీసు కాగితం చూపించమనండి. అడిగితే ఇల్లు ఖాళీ చేయిస్తాడేమోనన్న టెన్షన్‌తో ఊరుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అలాంటివాళ్లు కనీసం అలారం సొంతంగా కొని పడకగది దగ్గర పెట్టుకోండి, వెనక గడువు తేదీ చూసి మరీ కొనండి, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు.