మామిడి సోర్బే, నేరేడు షర్బెట్: ఇంట్లో చేసుకున్న నా అనుభవం

మా అత్తమ్మకు పాలు పడవు. పెరుగు, మజ్జిగ సరే గానీ, ఒక కప్పు ఐస్‌క్రీం తిన్నారంటే ఆ రాత్రంతా కడుపుబ్బరమే. హన్మకొండలో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటే రోజుల్లో ఇంటిల్లిపాదీ ఐస్‌క్రీం తింటుంటే ఆమె ఒక్కరే చల్లనీళ్లు తాగి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే సోర్బే మీద పడ్డాను. దాంట్లో పాలు, మీగడ ఏమీ ఉండవు. పండు, చక్కెర, నీళ్లు, కొంచెం నిమ్మరసం, అంతే. అదే మిశ్రమంలో కాసిన్ని పాలు కలిపి గడ్డకట్టిస్తే షర్బెట్. అమెరికాలో ఆ పేరుతో అమ్మాలంటే పాలకొవ్వు 1 నుంచి 2 శాతం మధ్యే ఉండాలని నియమం కూడా ఉంది. పిల్లలకు షర్బెట్, అత్తమ్మకు సోర్బే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది చక్కెర సంగతి. తీపి కోసమే చక్కెర అనుకుంటాం గానీ, ఇక్కడ దానికి ఇంకో పెద్ద పని ఉంది. ఉత్త నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. చక్కెర కలిసిన నీళ్లు ఇంకా చల్లబడితే గానీ కట్టవు. కట్టడం మొదలైనా గడ్డయ్యేది నీళ్లే. చక్కెరంతా మిగిలిన నీళ్లలోకి చేరి పాకం చిక్కబడుతూ పోతుంది. అందుకని ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల్లో కూడా కొంత పాకం మంచు పలుకుల మధ్య ద్రవంగానే మిగిలి ఉంటుంది. చెంచా దిగేది దాని వల్లే. చక్కెర తక్కువైతే కటిక రాయి అవుతుంది, మరీ ఎక్కువైతే ఎంతసేపు పెట్టినా జావగానే ఉంటుంది. పండులోని తీపిని కూడా కలుపుకొని మొత్తంలో చక్కెర 25 నుంచి 30 శాతం ఉంటే బాగా కుదురుతుంది. చల్లటి దాంట్లో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి, గడ్డకట్టక ముందు రుచి చూస్తే 'కొంచెం ఎక్కువైందే' అనిపించాలి.

మా పెద్దమ్మ వాళ్లది జగిత్యాల దగ్గర. చల్‌గల్ మామిడి మార్కెట్‌కు కాయ పోయే రోజుల్లో మాకూ ఒక పెట్టె బంగినపల్లి వస్తుంది, గడ్డిలో మాగబెట్టుకుంటాం. తొడిమ దగ్గర వాసన గుప్పుమనే పండ్లనే సోర్బేకు తీస్తాను. కిలో గుజ్జుకు 150 మిల్లీలీటర్ల నీళ్లు, 220 గ్రాముల చక్కెర. నీళ్లలో చక్కెర కరిగేదాకా వేడి చేసి పూర్తిగా చల్లార్చి, గుజ్జుతో కలిపి మిక్సీ పడతాను. ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు. పీచున్న రసాలైతే జల్లెడ పట్టాల్సిందే, బంగినపల్లికి ఆ అవసరం రాదు. ఆ తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం మానను. ముందే చల్లబడిన మిశ్రమం తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కడితే పలుకు సన్నగా వస్తుంది. నెమ్మదిగా కడితే పలుకులు పెద్దవై పంటి కింద కరకరమంటాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని గంజు తిప్పడం. ఐస్‌క్రీం మెషీన్ మా ఇంట్లో లేదు. పెద్ద బకెట్లో ఐస్ గడ్డ పగలగొట్టి పోసి, నాలుగు పాళ్ల ఐస్‌కు ఒక పాలు దొడ్డు ఉప్పు చొప్పున వరసలుగా చల్లి, మధ్యలో మూతున్న స్టీలు గంజు దించుతాం. ఉప్పు తగలగానే ఐస్ కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఉప్పునీళ్లు మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండగలవు కాబట్టి, గంజుకు బయట అంతా మంచు పడుతుంది. లోపల అంచు వెంట పలచటి పసుపు పొర పడుతుంది. దాన్ని చెక్క గరిటెతో గీకి మధ్యలోకి తెస్తూ, మూత పెట్టి గంజును అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. గాలి కలిసే కొద్దీ ముదురు పసుపు కాస్త లేతబడుతుంది. గరిటె బరువెక్కుతుంది. పీట వేసుకొని కూర్చున్న అత్తమ్మ "ఇగ చాలు బిడ్డా, చెయ్యి గుంజుతాంది" అనే సరికి దాదాపు అయిపోయినట్టే. అక్కడి నుంచి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లోకి. ఒక జాగ్రత్త: ఫ్యాక్టరీ ఐస్ తినేది కాదు, ఉప్పునీళ్ల చుక్క కూడా లోపల పడకూడదు. మూత తీసే ముందు అంచు తుడుచుకోవాలి. ఆ నీళ్లు మొక్కలకు పోయొద్దు, ఉప్పుకు చచ్చిపోతాయి.

ఐస్ దొరకని రోజు వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పోసి ఫ్రీజర్‌లో పెడతాను. అంచులు గట్టిపడినప్పుడల్లా ఫోర్కుతో కలియబెట్టి, చివర ఒకసారి మిక్సీ తిప్పి మళ్లీ పెట్టేస్తాను. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ పడనక్కర్లేదు గానీ, సగం కరిగింది అలాగే మళ్లీ కట్టిందంటే గరుకు ఖాయం. అప్పుడు మళ్లీ మిక్సీ వేయడమే మార్గం.

పుచ్చకాయ, బత్తాయి లాంటి నీళ్ల పండ్లకు గుజ్జు బలం ఉండదు, చక్కెర కూడా ఎక్కువే పడుతుంది. ఎంత అనేదానికి పాతకాలం గుడ్డు పరీక్ష ఉంది: వడగట్టిన రసంలో చక్కెర కలుపుతూ, శుభ్రంగా కడిగిన తాజా గుడ్డు వేసి చూడాలి. గుడ్డు తేలి, పైన రూపాయి బిళ్లంత మేర కనిపిస్తే చక్కెర సరిపోయినట్టు. చిక్కటి మామిడి గుజ్జులో ఈ పరీక్ష నమ్మకంగా తేలదు.

జూన్‌లో నేరేడు పండ్లు వస్తాయి. ఉప్పు చల్లి కాసేపు ఉంచి, స్టీలు జల్లెడలో చేత్తో రుద్దితే గింజ, తొక్కు పైన మిగిలి రసం కిందికి దిగుతుంది. వేళ్లకు ఆ రంగు మర్నాటి దాకా పోదు. సోర్బేగా చేస్తే నల్లటి ఊదా రంగు, కొస వగరు. పాలు కలిపి షర్బెట్ చేస్తే వగరు సగం తగ్గుతుంది, ఎందుకంటే ఆ వగరు పదార్థాలను పాలలోని ప్రొటీన్లు పట్టేసుకుంటాయి. రంగు కూడా లేత వంగపువ్వు రంగులోకి మారుతుంది. పుల్లటి రసంలో పాలు విరగకుండా, అన్నీ చల్లగా ఉన్నప్పుడు చివర్లో కలపాలి. నేనైతే నేరేడుకు షర్బెట్టే మేలంటాను. అత్తమ్మ మాత్రం సోర్బేనే అడుగుతారు, వగరంటే ఆమెకు ప్రాణం.

మామయ్యకు షుగర్. ఆయన కోసం చక్కెర తగ్గిస్తే గట్టి ఐస్ అవుతుంది, ఫోర్కుతో గీకి పొడిగా తినాలి. అది కూడా రెండు చెంచాలే, పండులో తీపి ఎటూ ఉంటుంది కదా.

డబ్బాలో నింపాక పైన ప్లాస్టిక్ కాగితం అంటించినట్టు పరిస్తే మంచు పేరుకోదు. తినే ముందు పది నిమిషాలు బయట పెడితే చెంచాకు సులువు. వారం పది రోజుల్లో తినేస్తేనే రుచి.

ఇప్పుడు సీతాఫలం కోసం చూస్తున్నాను. దాంట్లో తీపి ఎక్కువ కాబట్టి చక్కెర సగానికి తగ్గించాలి. గుజ్జు నల్లబడకుండా నిమ్మరసం వెంటనే పిండాలి. వేడి తగిలితే ఆ గుజ్జు చేదెక్కుతుంది, అందుకని పాకం బాగా చల్లారాకే కలపాలి.