టేకు చేప తోక

తమ్ముడి స్నేహితుడు ఈ ఉదయం భీమిలి ఒడ్డున టేకు చేపను, అంటే తోకకు విషపు ముల్లుండే స్టింగ్‌రేను, పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, రొయ్య ఎరకు అది పడింది. గాలం రాతికి తగులుకుందని అందరూ అనుకున్నారు, ఎందుకంటే టేకు తన ఒళ్లంతా ఇసుకకు అదిమిపెట్టి, తడిసిన గోనెసంచిలా కదలకుండా బరువు వేస్తుంది. ఒడ్డుకు లాగిన తరువాత అతడు దాని కళ్ల వెనుక ఉన్న రంధ్రాల్లో వేళ్లు దూర్చి పైకెత్తి, ఫొటోలు సరిగ్గా వచ్చేవరకు అలాగే వేలాడదీశాడు. ఆ రంధ్రాలు పట్టుకోవడానికి ఉన్నవి కావు. టేకు నోరు అడుగువైపున, ఇసుకకు ఆనుకుని ఉంటుంది కనుక, అది కదలకుండా పడి ఉన్నప్పుడు ఆ రంధ్రాల గుండానే నీటిని లోపలికి తీసుకుని ఊపిరి పీలుస్తుంది. చివరికి కత్తితో తోక నరికి ఇసుకలో పడేసి, చేపను నీళ్లలోకి విసిరి, "వదిలేశాను కదక్కా, ఇంకేం?" అన్నాడు. తమ్ముడు ఒక్క మాట కూడా అనలేదు.

ముల్లు తోక చివర ఉండదు, మొదలు వైపు ఉంటుంది. దానికి రెండు అంచులా వెనక్కి తిరిగిన రంపపు పళ్లు ఉంటాయి కాబట్టి, దిగేటప్పటికంటే బయటికి వచ్చేటప్పుడే కండను ఎక్కువ చీలుస్తుంది. విషమంతా ముల్లును కప్పిన పలచని పొరలో ఉంటుంది. చేప చచ్చినా, తోక తెగినా ఆ విషం వెంటనే పోదు. సాయంత్రమైతే పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తే ఇసుకలో ఆ తోకను వదిలేసి వారు టీ తాగడానికి వెళ్లారు. నేను దానిని కర్రతో తోసి, కోసిన నీళ్ల సీసాలోకి దూర్చి ఇంటికి తీసుకువచ్చాను.

పూడిమడకలో చిన్న మామయ్య కాలు నాకు ఇంకా కళ్లకు కట్టినట్లే ఉంది. నేను అప్పటికి బడికి వెళ్తున్నాను. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ మామయ్య ఇసుకలో దాగి ఉన్న టేకును తొక్కాడు. తొక్కగానే అది తోకను తన వీపు మీదుగా ముందుకు విసిరి చీలమండ పక్కన పొడిచింది. ఎంత నొప్పినైనా పళ్ల బిగువున ఓర్చుకునే మనిషి ఆ రోజు ఒడ్డున పడి పొర్లాడాడు. ఒకరు పైన తువ్వాలు బిగించి కట్టారు, ఒకరు కిరోసిన్ తెచ్చారు, ఇంకొకరు మంత్రం వేసేవారి కోసం పరుగెత్తారు. అప్పుడు చేపల బుట్ట దించి వచ్చిన ఒక పెద్దావిడ అందరినీ కసిరి, కట్టు విప్పి, అన్నానికి పెట్టిన ఎసరు బేసినులో పోయించి, చల్లనీళ్లు కలిపించి, ముందుగా తన చెయ్యి ముంచి చూసుకుని, ఆ తరువాతే మామయ్య కాలు అందులో పెట్టించింది. చల్లారినప్పుడల్లా మళ్లీ వేడినీళ్లు పోయించింది. అరగంట గడిచాక మామయ్య మాట్లాడగలిగాడు. తరువాత ఆసుపత్రిలో గాయం కడిగి, ముల్లు ముక్కలు తీసి, ధనుర్వాతం సూది వేశారు.

ఆవిడ చేసిందే ఇప్పటి వైద్యులూ చెబుతారు. ఓర్చుకోగలిగినంత వేడి, అంటే సుమారు 45 డిగ్రీలు, 30 నుంచి 90 నిమిషాలు. నొప్పితో ఉన్న కాలికి కాలడం తెలియదు కనుక వేడిని బాగున్న చేతితోనే చూడాలి. ముల్లు ఛాతీలోనో మెడలోనో పొట్టలోనో దిగితే మాత్రం లాగకూడదు, అలాగే ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 2006 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో, టీవీలో జంతువుల కార్యక్రమాలు చేసే స్టీవ్ ఇర్విన్ ప్రాణం తీసింది ఛాతీలో దిగిన టేకు ముల్లే.

ఇంతవరకు తోక నరకడమే తప్పన్న కోపంతో రాస్తూ వచ్చాను. పూడిమడకను తలచుకున్నాక ఆ మాట నిలబడడం లేదు. వలలో టేకు పడగానే తోక నరికే జాలరిని నేను ఏమీ అనలేను. ఆయన ఒడ్డుకు దూరంగా, ఇరుకు పడవలో, ఒట్టి కాళ్లతో ఉంటాడు. ఆ చేపను ఇంటికి తీసుకువెళ్తాడు, లేదా ఎండబెట్టి అమ్ముకుంటాడు. వదిలేయబోయే చేపకు తోక నరకడమే నాకు సహించరానిది. ముల్లు ఊడితే మళ్లీ వస్తుంది గాని, తెగిన తోక మళ్లీ రాదు. పైగా టేకు గుడ్లు పెట్టదు, కొద్దిపాటి పిల్లలను కంటుంది. కడుపుతో ఉన్నది గాలానికి చిక్కితే ఆ బెదురులో నెలలు నిండకముందే ఈనేయడమూ ఉంది.

"నలుగురిలో చెబితే నొచ్చుకుంటాడక్కా" అన్నాడు తమ్ముడు ఫోనులో. వాడి మీద కోపం పూర్తిగా నిలవకపోవడానికి కారణం, తరువాత తన గాలానికి పడిన టేకును వాడు ఇసుక మీదికి లాగకుండా, తోకకు అందనంత దూరంలో నిలబడి, నోటికి వీలైనంత దగ్గరగా దారం కోసి పంపేశాడు. అది వెళ్లడం చూసి సంతోషించాను.

ఆ స్నేహితుడు వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడట. ఈసారి గాలం వేయకముందే చెబుతాను. నీళ్లలో అడుగులు ఎత్తి వేయకుండా పాదాలు ఇసుకకు రాస్తూ నడవమని, ఆ అలికిడికి టేకు తనంతట తానే తప్పుకుంటుందని, ఫొటో కావాలంటే చేప నీళ్లలో ఉండగానే తీసుకోమని చెబుతాను. ఫ్లాస్కులో వేడినీళ్లు, పొడవాటి పట్టకారు నేనే తీసుకువెళ్తాను. అతడు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.