బుజ్జి ముందు పాదాలు
డాలస్‌లో జంతువుల షెల్టర్ నుంచి మా పిల్లి బుజ్జిని తెచ్చుకుని నేటికి ఏడాది. వచ్చిన కొత్తలో లిట్టర్ బాక్సు (పిల్లులు మలమూత్రాలకు వాడే ఇసుక పెట్టె) దగ్గరికే వెళ్లేది కాదు, కార్పెట్ మీదే పోసేది. ఎత్తుకోబోతే కసుక్కున కొరికేది. పొగరనుకుని కసిరాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

డాక్టర్ గారు పాదం మెల్లగా నొక్కి చూపించారు. గోరు బయటికి రావాల్సిన చోట మెత్తటి చర్మం ముడత, అంతే. పాత ఓనర్లు సోఫా పాడవుతుందని గోళ్లు తీయించేశారట. డీక్లా అంటే గోళ్లు కత్తిరించడం కాదండీ, ప్రతి వేలి చివరి ఎముకనే కోసేయడం! గరుకు ఇసుకలో అడుగు పెడితే నొప్పి. రక్కడానికి గోళ్లు లేవు, మరి కొరక్క ఏం చేస్తుంది?

న్యూయార్క్ రాష్ట్రం దీన్ని 2019లోనే నిషేధించింది, ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ నిషేధించాయి. మిగతావాళ్లు దేనికోసం ఆగుతున్నారో!

మెత్తటి పేపర్ లిట్టర్‌కి మార్చాం. మూడో వారానికి తనంతట తానే బాక్సులోకి వెళ్లింది. నిన్న రాత్రి ఆ పాదం నా అరచేతిలో పెట్టి నిద్రపోయింది.