ఒక్క పన్నుకి నాలుగు అచ్చులు – నా అనుభవం

నిన్న సాయంత్రమే క్యాప్ పెట్టారు, నాలుక ఇంకా దాని మీదకే పోతోంది, ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

రూట్ కెనాల్ మూడు సిట్టింగుల్లో అయిపోయింది, అందరూ భయపెట్టినంత ఏం లేదు. పన్ను అరగదీయడం కూడా పర్లేదు. అసలు సినిమా క్యాప్ కోసం కొలతలు, అంటే పన్ను అచ్చు, తీసేటప్పుడు మొదలైంది.

మా వీధి చివర క్లినిక్‌లో అసిస్టెంట్ అమ్మాయి రబ్బరు గిన్నెలో గులాబీ రంగు పొడి వేసి, నీళ్ళు పోసి గబగబా తిప్పింది, అచ్చం దోసెల పిండే. దాన్ని ట్రేలో నింపి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నొక్కేసింది. ఆ ముద్ద మెల్లగా కొండనాలుక దాకా జారింది, ఇంక చూస్కోండి. "ముక్కుతో గాలి పీల్చండి సార్, రెండు నిమిషాలే" అంటోంది, నాకేమో కళ్ళల్లోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు, ఆఖరికి పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం ఆ అమ్మాయి ఏప్రన్ మీదే. తలుపు కూడా సరిగ్గా వెయ్యలేదు, బయట మా బావమరిది కూర్చుని అంతా విన్నాడు. "చిన్నపిల్లలే నయం సార్" అంది. యాభై రెండేళ్ళొచ్చాయండీ నాకు! రెండోసారికి ఎలాగో అచ్చు వచ్చింది. దాన్ని తడి దూదిలో చుట్టి బల్ల మీద పడేశారు, ల్యాబ్ కుర్రాడు సాయంత్రం వస్తాడట. అప్పుడు టైం పదకొండున్నర.

వారానికి క్యాప్ వచ్చింది, పన్ను మీద కూర్చోలేదు. "మీరు కదిలారు సార్" అని నా మీదకే తోసేశారు. నేనూ నమ్మాను, అదీ నా తెలివి.

రెండో చోట పెద్ద డాక్టరమ్మ, మొదటి ప్రశ్నే "దేంతో తీశారు, ఎప్పుడు పోశారు?" అది ఆల్జినేట్ అంట, సముద్రపు నాచు నుంచి వచ్చేది. గాలికి వదిలేస్తే నీళ్ళు పోయి కుంచించుకుపోతుంది, తడిలో నానితే ఉబ్బుతుంది, పది పదిహేను నిమిషాల్లో స్టోన్, అంటే పళ్ళ నమూనా చేసే గట్టి ప్లాస్టర్, కలిపి అందులో పోసెయ్యాలి. ఎదుటి పళ్ళ అచ్చుకి సరిపోతుంది గానీ క్యాప్ పన్నుకి సిలికాన్ అనే రబ్బరు లాంటి పదార్థం కావాలంది. అంటే నా అచ్చు సాయంత్రం దాకా ఎండలో కొత్తిమీర కట్టలా వాడిపోయింది, తప్పేమో నాది!

ఇక్కడా ఒక తమాషా. కొత్త కుర్రాడు రెండు రంగుల సిలికాన్ పుట్టీ ముద్దలు చపాతీ పిండిలా పిసికాడు, నోట్లో ఎంతసేపుంచినా గట్టిపడదే. డాక్టరమ్మ వాడి చేతులు చూసి "లేటెక్స్ గ్లౌజుల్తో కలిపావా?" అని కేకలేసింది. ఆ గ్లౌజుల్లో గంధకం ఉంటుందట, అది తగిలితే ఈ సిలికాన్ సెట్ అవ్వదట. వినైల్ గ్లౌజులు వేసుకుని మళ్ళీ కలిపాడు, ఆవిడ గన్‌తో పన్ను చుట్టూ పల్చటి సిలికాన్ పోసింది. ఈసారి నిటారుగా కూర్చుని, గడ్డం కిందకి దించి, కుడికాలు పైకెత్తి పట్టుకున్నా, ఐదు నిమిషాలు, ఒక్క వాంతి లేదు. పుట్టీ గొంతులోకి జారదు, అదే సుఖం.

సిలికాన్ అనగానే మురిసిపోకండి, అందులోనూ రెండు రకాలు. చవకది గట్టిపడేటప్పుడు ఆల్కహాల్ వదిలి కాస్త ముడుచుకుంటుంది, అడిషన్ సిలికాన్ అనే రెండో రకం అయితే వారం ఆగినా కొలత మారదు. అడగండి, మొహమాటం వద్దు. కొలతలకి వెళ్ళేముందు ఇడ్లీ మాత్రం తినకండి. ఇప్పుడు మా ఆఫీసులో ఎవరికి పన్ను నొప్పొచ్చినా ముందు నా టేబుల్ దగ్గరకే వస్తున్నారు లెండి.

మొదటి క్లినిక్ వాళ్ళు డబ్బులు వెనక్కివ్వలేదు. ఆ పనికిరాని క్యాప్ మాత్రం చిన్న డబ్బాలో పెట్టిచ్చారు, అలమరలో మా ఆవిడ కుంకుమ భరిణె పక్కనుంది.